పాటల పెట్టెకు పాడిబర్రె

"మల్ల పోయిండు! చాయ చేతికిచ్చేదాంక గూడ ఆగకపాయె!" అని తిరుపతయ్య నెత్తి కొట్టుకున్నాడు.

ఆ పోయినవాడు మాసయ్య. ధరూరు నుంచి గద్వాలకు పల్లికాయ బండి తోలుకొచ్చిన ప్రతిసారీ తిరుపతయ్య హోటల్లోనే చాయ తాగేవాడు. పదేళ్ల గిరాకీ. అట్లాంటివాడు ఎదురుగా చాంద్ పాషా హోటల్లో పాట మొదలయ్యేసరికి కండువా దులుపుకొని లేచిపోయాడు. బెంచీ మీద ఈగలు మిగిలాయి.

అవి యుద్ధం రోజులు. చక్కెరకు కరువు, కిరసనాయిలుకు కరువు. పాషాకు మాత్రం గిరాకీకి కరువు లేదు. మూడు నెలల కింద హైదరాబాదులో ఎవరో వదిలించుకుంటున్న గ్రామఫోను ఒకటి పట్టుకొచ్చాడు, అంతే, అతని దశ తిరిగింది. పెట్టె పరదా అవతల, ఆడవాళ్లుండే వైపు. ఇవతలికి కనబడేది ఇత్తడి గొట్టం నోరొక్కటే. లోపల పాషా భార్య రహీమాబీ చావి తిప్పుతుందని ఊరందరికీ తెలుసు. ఘోషా ఇల్లు కదా, పరదా ఎత్తి చూడాలన్న ఆలోచన ఎవరికొస్తుంది?

ఇక ఆ పాట! తబలా లేదు, హార్మోనియం లేదు, ఒట్టి గొంతు. మండుటెండలో కొత్తకుండ నీళ్లు తాగినట్టుండేది. పాషా చేతి చాయ ముట్టని పెద్దమనుషులు సైతం గోడవార నిలబడి చెవులప్పగించేవారు.

తిరుపతయ్య మాత్రం ఊరికే కూర్చున్నాడా? చాయలో అల్లం దంచి వేశాడు. గోడకు నిలువుటద్దం తగిలించాడు. గంగిరెద్దులవాణ్ణి పిలిపించి వాకిట్లో సన్నాయి ఊదించాడు. గడియసేపు ఊది ఆ సన్నాయివాడే పోయి పాషా బెంచీ మీద కూర్చున్నాడు.

"దసరా దాంక గిట్లనే నడిస్తె దుకాణం మూసుడే" అన్నాడు భార్య జానకమ్మతో. "పాన్‌గల్ పోయి మీ నాయిన తిట్లు తినుకుంట పల్లికాయ ఒలుసుకుంట బతకాలె."

"మా నాయిన ఊకనే తిట్టడు. నువ్వే తిట్టిచ్చుకుంటవు" అంది జానకమ్మ.

పెట్టె సంగతి తర్వాత, ముందు ఆ పాట ఏదో తెలుసుకుందామని రాయచూరు దాకా పోయాడు. రికార్డుల దుకాణంవాడు పాట పేరడిగాడు. పేరెవరికి తెలుసు? గొంతు సవరించుకుని తనే పాడి వినిపించాడు. దుకాణంవాడు నవ్వాపుకోలేక బల్ల పట్టుకున్నాడు.

"ఇల్ల స్వామీ, ఇల్ల! ఇట్లాంటి పాట ఏ కంపెనీ ప్లేటు మీదా లేదు. నీ బర్రె గాని తప్పిపోయిందా, పిలుస్తున్నావు?"

ఆ మంటతో గద్వాలలో దిగినవాడు ఇంటికి కూడా పోకుండా నేరుగా పాషా ముందర నిలబడ్డాడు. మూడు రోజులుగా ముసురు. హోటల్లో మాసయ్య ఒక్కడే ఉన్నాడు.

"పాషా భాయ్, ఆ పెట్టె నాకియ్యి."

"వద్దు తిరుపతన్నా. అది నీ దగ్గర పాడదు."

"ఎందుకు పాడదు? నాకు చావి తిప్పరాదా?"

"తిప్పొస్తది. పాడదు."

"నా బర్రెనిస్త. పూటకు నాలుగు సేర్ల పాలు."

"జర నా మాట ఇను. ఈ ముసురుకు మూడు దినాల్సంది నా దగ్గరనే పాడుతలేదు. నువ్వెందుకు పరేషానయితవు?"

"వానకు చెక్క ఉబ్బుతది. ఎండ పొడిస్తె అదే పాడ్తది. నాకు తెల్వదనుకున్నవా?"

పరదా వెనక నుంచి మిరియాల కషాయం వాసన గుప్పుమంది. గాజులు రెండుసార్లు గలగలమన్నాయి. పాషా అటు చెవిపెట్టి విని, గట్టిగా నిట్టూర్చాడు.

"సరే, తీస్కపో. బర్రె నాకొద్దు."

"ఊకె తీసుకుంటె రేపు మల్ల నీదంటవు. బర్రెను నీ గుంజకు కట్టేసే పోత."

"మాసన్నా, నువ్వే సాక్షి. పాడదని నేను ముందే చెప్పిన" అన్నాడు పాషా.

"చెప్పిండు" అన్నాడు మాసయ్య.

పెట్టెను నెత్తిన పెట్టుకుని వచ్చిన మొగుణ్ణి చూసి జానకమ్మ గుమ్మంలోనే కూలబడింది. "బర్రెనిచ్చి డబ్బ తెచ్చినవా? ఇగ చాయల ఏం పోస్తవు, పాటనా?"

"నీకు తెల్వదు, ఊకో."

రెండు రోజులకు వాన వెలిసింది. తిరుపతయ్య పెట్టెను బల్ల మీద పెట్టి గొట్టం తగిలించాడు. సంగతి తెలిసి బజారంతా వచ్చింది. బెంచీలు చాలక జనం గడప మీద కూర్చున్నారు. ఎన్నాళ్లకు ఇంతమందిని చూశాడో, తిరుపతయ్యకు కళ్లు చెమ్మగిల్లాయి. మూత తీశాడు. ప్లేటు మీద వేలెడు దుమ్ము. సూది తుప్పు పట్టి ఉంది. పంచె కొంగుతో తుడిచి చావి తిప్పాడు. అది గానుగెద్దులా ఊరికే తిరిగింది గానీ ప్లేటు కదల్లేదు. ఇంకా తిప్పాడు. చెమటలు పట్టాయి.

"రెండు దెబ్బలెయ్యి" అన్నారెవరో.

"కొడితె అలుగుతది. జర బతిమాలు" అన్నాడు మాసయ్య.

జనం గొల్లుమన్నారు. జానకమ్మ తలుపు చాటుకు తప్పుకుంది. తిరుపతయ్యకు ఇక సిగ్గూ లేదు, ఎగ్గూ లేదు. బల్ల ముందు నిలబడి పెట్టెకు రెండు చేతులూ జోడించాడు.

"పాడు తల్లీ! నీ కాళ్లు మొక్కుత, ఒక్కసారి పాడు!"

ఎదురుగా, పెట్టె లేని హోటల్లో, పరదా వెనక పాట మొదలైంది.