మడతపెట్టిన నాప్కిన్

తొలిసారి భోజనానికి వచ్చినవాళ్ళు చేతులు తుడుచుకున్న నాప్కిన్‌ను మడతపెట్టి లేస్తే, మళ్ళీ ఆ గడప తొక్కరంటారు. ఆ మాట నిజమేనా అన్న అనుమానం ఆ ఇల్లాలిని తొమ్మిదేళ్ళుగా తొలుస్తోంది. కొత్త కాపురం చూడవచ్చిన ఆడపడుచు అప్పుడలాగే మడిచి వెళ్ళింది. మళ్ళీ పిలవడానికి ఈమెకు ధైర్యం చాలలేదు. తమ్ముడికి గుండె ఆపరేషన్ అయిందని తెలిసి, ఆడపడుచు ఇవాళ తనంతట తనే వచ్చింది.

భోజనం ముగించి, నాప్కిన్ అంచులు కలిపింది.

ఇల్లాలు చటుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది. "వద్దు వదినా! తిట్టాలనుంటే తిట్టండి. ఇలా మడిచి తెంచుకోకండి. ఆయన తట్టుకోలేరు."

"తెంచుకోవడమేమిటే, పిచ్చిదానా?" ఆడపడుచు తెల్లబోయింది. "మా అత్తారింట్లో ఎవరిది వాళ్ళం మడిచి పెట్టుకుంటాం. రాత్రి భోజనానికి మళ్ళీ అదే. నలిపి వదిలేసేది పరాయివాళ్ళు."

"మరి ఆ రోజు?"

"రాత్రికి ఉందామనే మడిచాను. నువ్వేమో నా కళ్ళముందే తీసుకెళ్ళి మాసిన బట్టల్లో పడేశావు. ఇంకా ఉండమని ఎవరన్నారు గనక?"

ఇల్లాలు నాలిక కరుచుకుంది. ఈ వదిన మీద దేవుడికి ఎన్ని చాడీలు చెప్పుకుందో!

లోపలి గదిలోంచి భర్త గొంతు నీరసంగా వినిపించింది. "అక్క వెళ్ళిపోయిందా?"

"లేదండీ, రాత్రికి ఉంటారు!" అని కేకేసి, ఆమె ఆడపడుచు వైపు తిరిగింది. "ఉండండి వదినా. ఈ మాట తొమ్మిదేళ్ళుగా మీకు బాకీ."

ఆడపడుచు కళ్ళొత్తుకుంది. "అయితే రాత్రికి నాక్కూడా బియ్యం పొయ్యవే," అంది.