గాలి చొరని ఇల్లు

"ఈసారి కూడా పరీక్ష తప్పిందండీ," అన్నాడు ఇంట్లో గాలి చొరబాటు కొలవడానికి వచ్చిన ఆర్విన్, చేతిలో మీటరు చూసుకుంటూ.

"అయ్యో," అంది ఒడీల్. ఆ అయ్యోలో విచారం సరిపడా పడిందో లేదోనని ఆమెకే అనుమానం వచ్చింది. గబుక్కున పొయ్యి వైపు తిరిగి బఠానీ సూపు మీద మూత తీసింది.

ఆర్విన్ వీధి తలుపుకి బిగించిన ఎర్రగుడ్డ తెర విప్పి, మధ్యలో ఉన్న పెద్ద ఫ్యాను ఊడదీశాడు. ఆ ఫ్యాను తిరిగితే ఇంట్లో గాలి బయటికి పోతుంది. గోడల్లో ఎక్కడ సందుంటే అక్కడినుంచి చలిగాలి ఈల వేస్తూ లోపలికి దూరుతుంది. కొత్త ఇంటికి చట్టం కొంత గాలిని క్షమిస్తుంది. చలి చొరని ఇళ్ళకిచ్చే గ్రీన్ సర్టిఫికెట్టు అందులో మూడోవంతు కూడా క్షమించదు.

చట్టం పరీక్ష ఇల్లు కట్టగానే గట్టెక్కింది. కట్టింది ఆమె తమ్ముడి కొడుకు మార్సెల్.

"చట్టం సరేనంది కదత్తా. ఆపైన ఈ సర్టిఫికెట్టు ఎవరు అడిగారు? ఎలుగుబంట్లకి చూపిస్తావా?" అన్నాడప్పుడు.

"చలికి చావకుండా చూడ్డం వరకే చట్టం పనిరా. నాకు చలే వద్దు," అంది ఒడీల్.

ఆ మాటకి కారణముంది. ఇదే స్థలంలో ఉన్న పాత కొయ్య ఇంట్లో ఆమె, భర్త ఎమిల్ నలభై శీతాకాలాలు వణికారు. ఎమిల్ కిటికీ సందుల్లో పాత పేపర్లు కుక్కుతూ, "ఈ చలి అద్దె కట్టదు, ఖాళీ చెయ్యదు," అని నవ్వేవాడు. అతను పోయాక ఆమె ఆ ఇంటిని పడగొట్టించి, మూరెడు మందం గోడలతో ఈ చిన్న ఇల్లు కట్టించుకుంది.

చలి పోయింది. దాంతోపాటు చప్పుళ్ళూ పోయాయి. రోడ్డు మీద మంచు తోసే బండి వినపడదు. పక్కింటి కుక్క వినపడదు. పాత ఇంట్లో రాత్రంతా గొణిగే గాలి కూడా ఇక్కడ పలకరించదు. మొదటి మంచు పడిన రోజు, తాను మింగిన కాఫీ గుటక తనకే పెద్దగా వినిపించింది ఒడీల్‌కి.

ఆర్విన్ మొదటిసారి వచ్చింది అంతకుముందే, అక్టోబరులో. పరీక్ష చేసి, "కాస్తలో తప్పింది. సందులు మూయించండి, మళ్ళీ వస్తాను," అన్నాడు. వెళ్ళే ముందు సూపు తాగాడు. ఆ సాయంత్రం ఇంట్లో రెండు గిన్నెలు కడిగింది ఒడీల్. ఎంతకాలానికో.

మార్సెల్ వచ్చి మూలమూలా మళ్ళీ టేపు అంటించి వెళ్ళాడు. ఇక పాసవ్వక తప్పదు. ఆర్విన్ రావలసిన రోజు పొద్దున్నే ఆమె కూరలు తరిగే కత్తి పట్టుకుని సింకు కింద దూరింది. గొట్టం చుట్టూ ఉన్న టేపు చీల్చింది. ఫ్యాను తిరగ్గానే అక్కడ ఈల వినిపించింది. దొంగతనం చేసినట్టు గుండె కొట్టుకుంది.

ఆ తర్వాత ఒకసారి అటక మూత. ఒకసారి కిటికీ అంచు. ఆర్విన్ ఓపిగ్గా వెతికి, మోకాళ్ళ మీద కూర్చుని తనే మూసేవాడు. టేపు అంత నున్నగా ఎలా తెగిందని ఒక్కసారీ అడగలేదు. తర్వాత సూపు, ఆపైన ఒక ఆట పేక.

"ఇంతసేపు ఇక్కడే కూర్చుంటే మీ ఆఫీసువాళ్ళు తిట్టరూ?" అంది ఒకసారి.

"ఈ చలిలో తలుపు తీసేవాళ్ళుండాలి గానీ, తిట్లదేముంది?" అన్నాడు ముక్కలు కలుపుతూ. "మీరు మళ్ళీ ఓడిపోయారు, చూసుకోండి."

మార్చిలో మార్సెల్ వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"పెల్కీ వాళ్ళ ఇల్లు కట్టే పని వేరేవాడికి ఇచ్చేశారత్తా."

"అదేమిట్రా, నీకిస్తామన్నారుగా?"

"నీ ఇల్లు ఇన్నిసార్లు తప్పిందని ఊరంతా తెలిసింది. సొంత అత్త ఇల్లే సరిగ్గా కట్టలేనివాడు మనకేం కడతాడని అన్నారట." అతను తన అరచేతుల వంక చూసుకున్నాడు. "ప్రతి అంగుళం నేనే అంటించాను. ఎక్కడ తప్పానో తెలియడం లేదు. ఈ పని నాకు రాదేమో."

అతను వెళ్ళాక కూడా ఒడీల్ అక్కడే నిలబడింది. కత్తి ముట్టకుండా ఊరుకుంటే ఇల్లు పాసవుతుంది, నిజమే. కానీ వాడి మీద పడ్డ మచ్చ? తన నోటితో తాను చెబితే తప్ప పోదు. చెబితే ఆర్విన్ ఇక రాడు. ఏ మొహం పెట్టుకుని రమ్మంటుంది?

మర్నాడు ఆర్విన్ వాళ్ళ ఆఫీసు తెరిచే వేళకి ఫోను చేసింది. ఎవరో అమ్మాయి ఎత్తింది.

"అమ్మాయ్, నా పేరు ఒడీల్ తిబో. నా ఇల్లు పరీక్షల్లో తప్పుతూ వచ్చింది కదా, అందులో మా మార్సెల్ తప్పేం లేదు. నేనే కత్తితో టేపు చీల్చాను. ప్రతిసారీ నేనే." ఫోను రెండో చెవికి మార్చుకుంది. "మనిషి మొహం చూడాలని చేశాను. ఊళ్ళో వాళ్ళకి ఈ సంగతి మీరే చెప్పండి. పాపం ఆర్విన్ గారిని ఇంక పంపకండి."

అవతల కంప్యూటరు మీటలు టకటకలాడాయి.

"మేడమ్, మీ ఇల్లు అక్టోబరులో మొదటి పరీక్షకే పాసయింది, ఆ తర్వాత మేమెవరినీ మీ ఇంటికి పంపలేదు," అంది ఆ అమ్మాయి.