గట్టు దిగిన నీటికోడి

చెరువు ఎండిపోయి వలస వచ్చిన నీటికోడి, పిల్లలతో తామరకుంట గట్టు మీదే మూడు వేసవులు గడిపింది. లోపలికి రావాలంటే కుంటవాళ్లు సభలో చట్టం చేయాలి.

"ముందు గట్టుకు కాపలా" అనేది కొంగల పక్షాన్ని నడిపే కొంగ. "ముందు వచ్చినవాళ్లకు చోటు" అనేది బాతుల పక్షాన్ని నడిపే బాతు. రెండూ ఒకే చట్టంలో పెడదామని తాబేలు అంటే, ఇద్దరూ "ఎన్నికలయ్యాక చూద్దాం" అనేవారు. తగవు తీరిపోతే ఓట్లడగడానికి వాళ్లకు మాటే ఉండదు.

ఈసారీ కొంగ సభను వాయిదా వేయబోయింది. నీటికోడి గట్టు దిగివచ్చి సభ మధ్యలో కూర్చుంది.

"ఉండమంటే ఉంటాను, పొమ్మంటే పోతాను. ఆ మాటేదో ఇవాళే చెప్పండి. మీ ఎన్నికల కోసం నా పిల్లల్ని ఎండలో మాడనివ్వను!"

"బయటిదానివి, లే!" అని కొంగ అరిచింది.

నీటికోడి కదల్లేదు. తాబేలు వచ్చి పక్కన కూర్చుని, "ఓటింగు జరిగేదాకా నేనూ లేవను" అంది. బాతులూ కొంగలూ ఒక్కొక్కటే కూర్చున్నాయి. చివరికి నిలబడి మిగిలింది ఆ నాయకులిద్దరే.