రెండో తాడు

మూడేళ్ళ కిందట ఈ లంక రేవుకు వచ్చిన నాన్న తిరిగి రాలేదు. ఆయన చిన్న యాచ్ ఒక్కటే ఖాళీగా నాగాయలంక చేరింది. అదే యాచ్‌లో డయానా ఒంటరిగా, చీకటి పడ్డాక, అదే రేవుకు వచ్చింది.

"తాడందుకున్నోడు పేరు చెప్పాలమ్మా. చెప్పకపోతే తాడు కోసెయ్. మీ నాన్నలా మొండికెయ్యమాకు," అని బయలుదేరేటప్పుడు లాజరు బాబాయి హెచ్చరించాడు.

ఆమె తాడు విసిరింది. గట్టున ఎవరో అందుకున్నారు.

"పేరు చెప్పండి."

జవాబు లేదు. అలల చప్పుడూ ఆగింది. తాడు మాత్రం మూర మూరగా బిగుస్తోంది. కత్తి పక్కనే ఉంది. డయానా దాన్ని ముట్టుకోలేదు. నాన్న సంగతి తెలియకుండా వెనుదిరగనని ఒట్టు పెట్టుకునే వచ్చింది. రెండో తాడు తీసి చీకట్లోకి విసిరింది.

"నేను డయానానండీ. ఇదీ పట్టుకోండి."

చెవులు రిక్కించింది. ఆ తాడు నీళ్ళలో పడిన చప్పుడు ఎంతసేపటికీ రాలేదు.