విన్సెంట్ పథ్యం

"మనుషులు తినే కూరేనా ఇది?"

విన్సెంట్ తోసిన తోపుకు కంచం బండల మీద జారి గోడ దాకా పోయింది. సొరకాయ కూర సగం నేలపాలైంది. కూతురు శిరీష భయంతో వంటింట్లోకి తప్పుకుంది. భార్య రెబెకా మాత్రం కింద కూర్చుని, పడిన కూర ఎత్తసాగింది.

"ఉప్పు లేదు, నూనె లేదు. దీనికన్న దవాఖానల సచ్చినా మంచిగుండు. నువ్వు తింటవా ఈ గడ్డి?"

"నువ్వు తిన్నంక తింట."

విన్సెంట్ గుండెకు స్టెంట్ వేసి అప్పటికి పది రోజులైంది. ఇంటికి పంపేటప్పుడు డాక్టర్ కిషన్ రావు మొగుడూ పెళ్లాలిద్దరినీ కూర్చోబెట్టి, ఏ మొహమాటమూ లేకుండా చెప్పాడు. "మందులు సగం పనే చేస్తయమ్మా. మిగతా సగం నీ వంటింట్ల ఉంది. మళ్ల పాత తిండే పెట్టినవనుకో, ఈసారి దవాఖాన దాక గూడ రాడు."

విన్సెంట్‌కు చావంటే భయం లేక కాదు. ఉంది, చాలా ఉంది. కానీ వేపుళ్లకూ కొవ్వు మాంసానికీ యాభై రెండేళ్లుగా మరిగిన నాలుక ఆయన భయాన్ని ఖాతరు చేయడం లేదు.

"రేపటిసంది డ్యూటీకి పోతాన. మడికొండల కంపెనీ ముంగట బిర్యానీ సెంటర్లు ఎన్నున్నయో తెల్సా? ఇంట్ల గిట్లనే పెడ్తే ఆడ తినే సస్త."

అన్నంత పనీ చేసే ఘటమని రెబెకాకు తెలుసు. ఆ రాత్రి ఆమెకు కంటి మీద కునుకు లేదు.

తెల్లారి లేచింది మొదలు ఆమెకు అదే పంతం. ఉప్పు తగ్గించి ఆ లోటును చింతపులుసుతో, పచ్చిమిరప కారంతో పూడ్చింది. నూనె తగ్గించి, నువ్వులూ ధనియాలూ దోరగా వేయించి కూరల మీద పొడి చల్లింది. కోడికి తోలంతా తీసేసి, కాల్చిన ఉల్లిగడ్డ నూరి పట్టించింది. గుడ్లలో పచ్చసొన పక్కన పెట్టి, తెల్లసొనలో మెంతికూర వేసి పొరటు చేసింది. పాల మీద మీగడ తీసేశాకే పెరుగు తోడేసింది. ఆదివారం చర్చి నుంచి అటే రైతుబజారుకు పోయి, కూరగాయలను పెళ్లిచూపులు చూసినంత సేపు చూసి గానీ సంచిలో వేసుకునేది కాదు.

నెల తిరిగేసరికి విన్సెంట్ వేళ్లు నాకడం మొదలుపెట్టాడు.

"ఇంత రుచి ఇన్నొద్దులు యాడ దాచిపెట్టినవే?"

"నువ్వు అడిగితివా?" అని నవ్వింది రెబెకా.

ఆయన కడుపునిండా తిని, డబ్బా పట్టుకుని కంపెనీ క్యాబ్ ఎక్కాక ఆమె తినేది. పెళ్లయిన నాటి నుంచి ఆ ఇంటి పద్ధతి అది. మార్చాలని ఎవరికీ తోచలేదు.

రెండేళ్లలో విన్సెంట్ పన్నెండు కిలోలు తగ్గాడు. పాత ప్యాంట్లన్నీ దర్జీ దగ్గరికి పోయాయి. మెట్లు ఎక్కేటప్పుడు ఇప్పుడు ఆయనే ముందు. రెబెకా నాలుగు మెట్లకోసారి ఆగేది.

"ఏందే, ముసలిదానివైతానవా?" అని వెక్కిరించేవాడు.

"గ్యాసు. జర ఆగు, వస్తాన," అనేది.

ఒక రోజు చెకప్‌లో కిషన్ రావు రిపోర్టులు అటూ ఇటూ తిప్పి చూసి, కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు.

"పదేండ్లు చిన్నగైనవ్ విన్సెంట్. మెచ్చుకోవాల్సింది నిన్ను కాదు, మీ ఆమెను. ఏది, పిలువు."

"మందుల కాడ లైన్ల నిలబడ్డది సార్. కూర శాన మంచిగ వండుతది," అన్నాడు విన్సెంట్. భార్యను పరాయివాళ్ల ముందు మెచ్చుకోవడం ఆయన జన్మలో అదే మొదలు. చెప్పాక సిగ్గేసింది.

అంతలో బయట ఎవరో కేక వేశారు. విన్సెంట్ పరుగెత్తుకొచ్చి చూసేసరికి రెబెకా నేల మీద పడి ఉంది. మందుల చీటీ ఆమె పిడికిట్లోనే ఉంది.

లోపలికి తీసుకుపోయారు. హన్మకొండలో బట్టల షాపులో పనిచేసే శిరీష ఆటోలో వచ్చింది. తండ్రీ కూతుళ్లు ముప్పావు గంట తలుపు వైపే చూస్తూ నిలబడ్డారు. కిషన్ రావు బయటికి వచ్చిన తీరు చూసే శిరీషకు అర్థమైపోయింది. విన్సెంట్‌కు మాత్రం ఆయన నోరు తెరిచి చెప్పాల్సి వచ్చింది.

"పోయింది విన్సెంట్. గుండెపోటు. షుగర్ ఐదువందలు దాటింది. రక్తం తీస్తే పైన తెల్లగ కొవ్వు తేలింది. ఆమెకు ఎప్పుడన్న టెస్టు చేపిచ్చినవా?"

విన్సెంట్ ఈ రెండేళ్లలో ఎనిమిదిసార్లు రక్తపరీక్షకు చెయ్యి చాపాడు. ఎనిమిదిసార్లూ రెబెకా పక్కనే నిలబడింది. ఆమెను కూడా చెయ్యి చాపమని తాను ఒక్కసారీ అనలేదు. ఆ సంగతి ఆయనకు ఇప్పుడు గుర్తొచ్చింది.

"గట్లెట్లయితది సార్? ఇద్దరికీ ఒక్కటే వంట. నూనె చుక్క ఎక్కువ పడనియ్యకపోయేది. నేను తిన్నదే అది గూడ తిన్నది. నాకు మంచిగై దానికెట్లయితది?"

శిరీష గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది.

"లేదు డాడీ," అంది. "దేవుడిచ్చిన తిండి పారబోస్తే పాపమని, తోలు, పచ్చసొన, మీగడ, నీకు పెట్టకుండ తీసేసినవన్ని అమ్మనే తిన్నది."