హెచ్‌డీలో క్వయర్

"ఇంత చవక లాప్‌టాప్‌లో హెచ్‌డీ వీడియో ఆడుతుందాండీ?" అడిగాడు విజయ్ పాల్.

"మీ పెన్‌డ్రైవ్ ఇవ్వండి, పెట్టి చూద్దాం" అంది భీమవరం షాపులో సేల్స్ అమ్మాయి దీవెన.

విజయ్ పాల్‌తో వచ్చిన ప్రసన్నకుమారి అయిష్టంగానే పెన్‌డ్రైవ్ తీసిచ్చింది. అందులో ఉన్నది వాళ్ల చర్చి క్వయర్ పాట. చర్చి కోసం కొంటున్న ఈ లాప్‌టాప్‌తోనే ఆదివారం దాన్ని సంఘమంతా తెరమీద చూడబోతోంది. ముందు నిలబడి పాడించేది ఆవిడే. పాడే గొంతు పోయి రెండేళ్లయింది. అప్పట్నుంచీ ఎవరికీ చెప్పకుండా పెదాలు మాత్రం ఆడిస్తోంది.

వీడియో ఎక్కడా ఆగలేదు. ఆవిడ జూకాల్లో రాళ్లు లెక్కపెట్టొచ్చు. పాట ముందు, ఆవిడ పెదాలు వెనక.

"లాప్‌టాప్‌కి ఓపిక చాలట్లేదమ్మా. పాటకీ పెదాలకీ పొంతన లేదు చూడు" అంది ప్రసన్నకుమారి.

"మీ వెనకవాళ్లందరికీ బాగానే కలుస్తున్నాయి కదండీ!" అంది దీవెన.

ఇక ఒప్పేసుకుందామని ఆవిడ విజయ్ పాల్ వైపు తిరిగింది. క్వయర్‌లో కీబోర్డు వాయించేది అతనే. అతని ముఖం ఆవిడ ముఖంకన్నా పాలిపోయి ఉంది. తెరమీద అతను రెండు చేతులతో రుమాలు పట్టుకుని మెడ తుడుచుకుంటున్నాడు. కీబోర్డు మాత్రం హుషారుగా మోగుతోంది.

అంటే ఇన్నాళ్లూ ఇతను వినిపించింది ముందే ఎక్కించి పెట్టుకున్న ట్యూనా! ప్రసన్నకుమారికి ప్రాణం లేచొచ్చింది.

"తప్పు లాప్‌టాప్‌దే కదూ తమ్ముడూ?"

"ముమ్మాటికీ లాప్‌టాప్‌దే అక్కా!"

"అయితే ఇంకాస్త మంచిది చూపించనాండీ?" అంది దీవెన.

"వద్దమ్మా, ఇదే కట్టేయ్" అని ప్రసన్నకుమారి విజయ్ పాల్ చెవిలో గొణిగింది. "మంచిది కొంటే ఆదివారం నెపం దేనిమీద వేస్తాం?"