ఖాళీ పెట్టెల కొట్టు

ముందే ఒప్పేసుకుంటున్నాను. ఈ కథ నాది కాదు, నా రూమ్మేట్‌ది. రాస్తున్నానని తనకి ఇంకా చెప్పలేదు. చెబితే వద్దంటుంది.

తను ఫార్మసీ చివరి ఏడాది. కాలేజీలో తన పేరు చిలక.

పేరు పెట్టింది ల్యాబ్ మేడమ్.

"పాఠం మొత్తం అప్పజెప్పేశావు. ఎదురుగా మనిషుందన్న సంగతే మర్చిపోయావు. చిలకవే నువ్వు," అందట, మొదటిసారి ఫెయిల్ చేస్తూ.

ఆ పరీక్ష జరిగేది కాలేజీ కింది అంతస్తులో, వీధివైపున్న మందుల కొట్టులో. నిజం కొట్టు కాదు. పిల్లలు పని నేర్చుకోవడానికి కట్టిన ల్యాబ్. అద్దాల తలుపుంది, కౌంటరుంది, గోడ నిండా మందుల పెట్టెలున్నాయి. పెట్టెలన్నీ ఖాళీవే. తలనొప్పి వస్తే మేడమ్ కూడా పక్క వీధికి వెళ్ళాల్సిందే.

కౌంటరు వెనక స్టూడెంటు నిలబడాలి. ముందు పేషెంటుగా నటించే మనిషి కూర్చుంటుంది. ఏ జబ్బు నటించాలో రాసిన కార్డు ఆమెకిస్తారు. స్టూడెంటు అడగాలి, వినాలి, మందు ఎలా వాడాలో చెప్పాలి. ఇది పాసైతేనే ఆసుపత్రిలో ట్రైనింగ్. లేదంటే ఇంకో ఏడాది ఇక్కడే.

పేషెంటు వేషానికి నాటక సంఘం వాళ్ళు ఒకావిడను పంపుతామన్నారు.

బుధవారం పొద్దున్నే ఆవిడ తలుపు తోసుకుని వచ్చింది. అరవై దాటి ఉంటాయి. చేతిలో గుడ్డ సంచి.

"పేషెంటు మీరేనా అమ్మా?" అంది మేడమ్.

"నేనే."

"రండి, కూర్చోండి. ఇదుగో కార్డు. ఇవాళ మీకు కడుపులో మంట."

ఆవిడ కార్డు చూసింది. చుట్టూ మూగిన పిల్లల్ని చూసింది. మెల్లగా కూర్చుంది.

ఆ టర్మంతా ప్రతి బుధవారం వచ్చింది. పిల్లలు పేషెంటమ్మ అని పిలిచేవారు. నటన మాత్రం అంతంతే. ఉబ్బసం రోజున హాయిగా కూనిరాగం తీస్తూ కూర్చుంది.

"నాటకాల్లో నీది ఎప్పుడూ రాజుగారి పక్కన నిలబడే వేషమేనా పెద్దమ్మా?" అని ఏడిపించాడొకడు.

"రాజే నా పక్కన నిలబడేవాడు," అందావిడ.

చిలక మాత్రం ఆవిడ ముందు కూడా పాఠమే అప్పజెప్పేది.

"నిద్ర పడుతోందా ఆకలి ఎలా ఉంది మందు గుర్తు చేసేవాళ్ళు ఇంట్లో ఉన్నారా," అని ఒకే గుక్కలో అడిగేసేది.

"ఆగు తల్లీ. ఒకటడుగు. నేను చెప్పాక ఇంకోటి. నాకేం తొందర లేదు."

క్లాసయ్యాక అందరూ క్యాంటీన్‌కి పరిగెత్తేవారు. చిలక పోయేది కాదు, పిలిచేవాళ్ళుంటేగా. ఆవిడా లేచేది కాదు.

"మళ్ళీ అడుగు," అనేది.

"ఏ జబ్బు పెద్దమ్మా?"

"ఏదైతేనేం. నిద్ర పడుతోందా అని అడుగు. అది నువ్వు బాగా అడుగుతావు."

చిలక అడిగేది. తెల్లవారకముందే మెలకువ వచ్చేస్తుందని చెప్పేది ఆవిడ. గడియారం చప్పుడు తప్ప ఇంట్లో ఇంకేం వినపడదని, దానికి కూడా బ్యాటరీ అయిపోవచ్చిందని చెప్పేది.

కార్డు లేకపోతేనే బాగా నటిస్తుంది అనుకునేది చిలక.

అలా అడిగీ అడిగీ, ముఖం చూసి మాట్లాడటం వచ్చింది తనకి.

పరీక్ష రోజు. బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షాధికారి మూల కుర్చీలో కూర్చున్నాడు. కార్డులో పొడి దగ్గు.

పేషెంటమ్మ వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. సంచిలోంచి చిన్న గుడ్డ పర్సు తీసి కౌంటరు మీద పెట్టింది.

"చెప్పండి పెద్దమ్మా, ఏంటి ఇబ్బంది?"

"కొత్తగా ఇచ్చిన బిళ్ళ, పాత బిళ్ళ కలిపి వేసుకుంటే కళ్ళు తిరుగుతున్నాయమ్మా. నిన్న వంటింట్లో పడిపోయాను. రెండూ వేసుకోవచ్చంటావా?"

మూలన కలం ఆగింది.

చిలక పర్సుని గబుక్కున వెనక అలమరలోకి నెట్టి, ముందుకు వంగి, గొంతు తగ్గించింది.

"దగ్గు పెద్దమ్మా. కార్డులో దగ్గుంది. ఈసారి పోతే నా పని అయిపోయినట్టే."

ఆవిడ కాసేపు చిలక ముఖంలోకి చూసింది.

"అవును కదూ. దగ్గే," అంది. దగ్గింది. ఆ టర్మంతటిలో ఆవిడ బాగా నటించింది ఆ ఒక్కసారే.

చిలక పాసైంది. మనిషిని చూసి మాట్లాడుతోందని పరీక్షాధికారి మెచ్చుకున్నాడు. ఆ సంబరంలో తిరిగి చూసేసరికి ఎదుటి కుర్చీ ఖాళీ.

తర్వాతి బుధవారం ఆవిడ రాలేదు. ఆ పై బుధవారమూ రాలేదు.

ఆ రోజు చేతికర్రతో ఇంకెవరో వచ్చారు.

"పేషెంటు వేషం నాదేనండి. నాటక సంఘం నుంచి వచ్చాను. కాలు విరిగి ఇన్నాళ్ళూ మంచం మీదున్నాను. మావాళ్ళు మీకు చెప్పే ఉంటారు."

మేడమ్ తెల్లబోయింది.

"మరి ఇన్నాళ్ళూ మీవాళ్ళు పంపినావిడ?"

"మావాళ్ళా? మా సంఘంలో ఆడమనిషిని నేనొక్కదాన్నేనండి. నేను లేక మగాళ్ళకి చీరలు కట్టి నెట్టుకొస్తున్నారు, పాపం."

చిలక అలమర దగ్గరికి వెళ్ళింది. గుడ్డ పర్సు తను నెట్టిన చోటే ఉంది. లోపల రెండు రకాల బిళ్ళలు, సగం వాడినవి. పేరు లేదు, చిరునామా లేదు.

గోడ నిండా పెట్టెలున్న ఆ గదిలో నిజమైన మందులు అవే. వాటి గురించి అడిగిన పేషెంటూ నిజమే.

మీకూ ఇలాంటి మనిషి ఎవరైనా ఎదురై ఉంటే నాకు రాయండి. ఏ వీధిలోనో, చేతిలో సంచి ఎలా ఉందో కూడా రాయండి. వెతుక్కునే మనిషి ఒకతి మా గదిలో ఉంది.